ఐదు విమానాల లెక్క

న్యూజిలాండ్‌కి విమానాల మరమ్మతు పని మీద వచ్చేవాళ్లలో చాలామంది పెద్ద విమానదళాల నుంచో, పెద్ద ఎయిర్‌లైన్‌ల నుంచో వస్తారు. ఒకటి హ్యాంగర్‌లో ఉంటే ఇంకొకటి ఎగురుతుందిలే అన్న ధీమా వాళ్లకి అలవాటు. ఇక్కడి మిలిటరీ విమానాల దగ్గర ఆ ధీమా ఎన్నాళ్లో నిలవదు. రవాణాకి హెర్క్యులిస్‌లు ఐదంటే ఐదే. సి-130హెచ్ రకంవి మూడు 1965లో, రెండు 1969లో వచ్చాయి. మొదటి మూడూ ప్రపంచంలోనే ఆ హెచ్ రకంలో తొలిగా తయారైనవి. సముద్రం మీద గస్తీకి 1966లో కొన్న ఓరియన్‌లు ఐదు, 1985లో ఆస్ట్రేలియా నుంచి తీసుకున్నది ఒకటి. వీటితోనే అరవై ఏళ్ల దాకా నెట్టుకొచ్చారు. గాలింపు, రక్షణ బాధ్యత మాత్రం దాదాపు 3 కోట్ల చదరపు కిలోమీటర్లు: ఉష్ణమండల ద్వీపాల దగ్గర మొదలై దక్షిణ ధ్రువం దాకా.

ఐదు హెర్క్యులిస్‌లలో ఒకటి పెద్ద సర్వీసింగ్ కోసం వుడ్‌బోర్న్ స్థావరంలో విప్పేసి ఉంటుంది. ఇంకొకటి ఆక్లాండ్ దగ్గరి స్క్వాడ్రన్ స్థావరం ఫెనువాపైలో చిన్న సర్వీసింగ్‌లోనో, స్నాగ్‌తోనో (ఎగిరేటప్పుడు బయటపడ్డ లోపం) ఆగి ఉంటుంది. ఒకటి పైలట్ల శిక్షణకి కావాలి. మిగిలిన రెండిట్లో ఒకటి ఏ పసిఫిక్ ద్వీపానికో సరుకు పట్టుకుని వెళ్తే, అత్యవసరానికి ఉన్నది ఒక్కటి. దానికీ ఇంజిన్ స్టార్ట్ చేసేటప్పుడు ఒక వాల్వు మొరాయించిందనుకోండి, ఆ రోజు దేశానికి రవాణా విమానం లేనట్టే. విమానాలు ముసలివైపోయాయని పత్రికలు రాసినప్పుడల్లా వయసు గురించే రాస్తాయి. అరవై ఏళ్ల విమానాన్ని కూడా భద్రంగా ఎగరేయొచ్చు. వయసు పెరిగేకొద్దీ అది హ్యాంగర్‌లో గడిపే రోజులు పెరుగుతాయి, ఆ రోజుల్ని భరించడానికి ఐదు చాలవు. అసలు బాధ అక్కడ.

రోజులు ఎందుకు పెరుగుతాయో ఒక్క రెక్కని చూస్తే తెలుస్తుంది. హెర్క్యులిస్‌కి బాడీ పైన అడ్డంగా ఉండే మధ్య రెక్క పెట్టె, అంటే సెంటర్ వింగ్ బాక్స్, ప్రాణం లాంటిది. ఎగిరిన గంటలన్నీ దానికి సమానం కావు: తక్కువ ఎత్తులో కుదుపుల మధ్య ఒక గంట, నున్నటి గాలిలో పై ఎత్తున గడిపిన చాలా గంటలతో సమానం. అందుకే అసలు గంటల్ని తీవ్రతతో గుణించి లెక్క కడతారు. దాని కింది చర్మంలో ఫాస్టెనర్ల కోసం, అంటే రేకుల్ని బిగించే బోల్టులు, రివెట్ల లాంటివాటి కోసం వందల రంధ్రాలు, బయటి రెక్క అతుక్కునే చోట రెయిన్‌బో ఫిట్టింగులనే బిగింపు ముక్కలు. పగులు మొదలయ్యేది ఎక్కువగా ఆ రంధ్రాల అంచుల్లోనే.

ఒక రంధ్రాన్ని పరీక్షించాలంటే ఫాస్టెనర్ తీయాలి, సందులు మూసే సీలెంట్ గీకాలి, రంధ్రాన్ని శుభ్రం చేయాలి, అప్పుడు లోహంలో కరెంటు పుట్టించి పగులు పసిగట్టే తిరిగే ఎడ్డీ కరెంట్ ప్రోబ్ దింపాలి. దింపేముందు, కావాలని గాటు పెట్టిన నమూనా ముక్క మీద పరికరాన్ని సరిచూసుకోవాలి. పాత డ్రిల్ గీత కూడా తెర మీద పగులులాగే కనిపిస్తుంది. అనుమానం వస్తే రీమర్ అనే కోత పనిముట్టుతో రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి మళ్లీ చూస్తారు. పగులు నిజమే అయితే అది పూర్తిగా పోయేదాకా రంధ్రాన్ని పెంచి, చీలిక ఉన్న స్లీవ్ (సన్నటి గొట్టం) లోంచి మాండ్రెల్ అనే కడ్డీని లాగి చుట్టూ లోహాన్ని బిగుతుగా నొక్కి, ఒక సైజు పెద్ద ఫాస్టెనర్ వేస్తారు. ఈ వైద్యం ఎన్నిసార్లు కుదురుతుంది? రంధ్రం మధ్య నుంచి రేకు అంచుకి వ్యాసానికి రెట్టింపు దూరమైనా మిగలాలన్నది మామూలు కొలత. పెంచుకుంటూ పోతే ఒకటి రెండుసార్లతో ఆ హద్దు వచ్చేస్తుంది. ఆపైన ఆ భాగమే మార్చాలి, లేదా తయారీదారు ఇంజినీర్లు ప్రత్యేక రిపేరు గీసి పంపేదాకా ఆగాలి. ఒక్క రంధ్రం విమానాన్ని వారాలపాటు నేల మీద కూర్చోబెట్టేది ఇలాగే.

ఓరియన్‌ల కథ కూడా ఇంతే. 1990ల్లోనే వాటి బయటి రెక్కలు, మధ్య రెక్క కింది భాగం, తోక అడ్డరెక్కలు మార్చేశారు. అలలకి దగ్గరగా ఎగిరే విమానానికి లోహపు అలసట కన్నా ఉప్పు పెద్ద శత్రువు. గస్తీ నుంచి రాగానే మంచినీళ్ల స్నానం, ఇంజిన్ కంప్రెసర్‌కి విడిగా కడుగుడు. ఇవి ఒక్కరోజు మానేస్తే ఏమీ కాదు. మానడం అలవాటైతే రెండేళ్ల తర్వాత ఫ్లోర్ బీముల్లో లెక్క తేలుతుంది. రవాణా విమానంలో తుప్పు కోసం మొదట చూడాల్సిన చోటు మూత్రశాల కింది నేల. కొత్తగా చేరినవాళ్లు నవ్వుతారు గానీ ఆ ప్యానెల్ విప్పాక నవ్వరు.

ఇంధనం కారడం ఇంకో తలనొప్పి. రెక్కల్లో విడిగా ట్యాంకు ఉండదు, రెక్కే ట్యాంకు, అతుకులన్నీ సీలెంట్ మీదే ఆధారం. తడి కనిపిస్తే తుడిచి, 30 నిమిషాలు ఆగి, మరక ఎంత మేర పాకిందో కొలుస్తారు. చిన్న మరకైతే రాసి పెట్టుకుని ఎగరేయొచ్చు, ధారగా కారితే అక్కడే ఆపేయాలి. బయట తడిసిన చోటే లోపల చిల్లు ఉంటుందనుకోవడం పొరపాటు. ఇంధనం అతుకు సందులో రెండు మూడు అడుగులు ప్రయాణించి బయటపడుతుంది. లోపలికి దిగే ముందు ట్యాంకు ఖాళీ చేసి గాలి ఆడించాలి, ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గలేదని, ఆవిరి అంటుకునే స్థాయికి చాలా దిగువన ఉందని మీటరు చూపించాలి, బయట ఒక మనిషి కాపలా ఉండాలి. సీలెంట్లలో 'ఎ' (A) రకం కుంచెతో పూసేది, 'బి' (B) రకం గన్‌తో ఒత్తేది. ఆ అక్షరం పక్కన ఉండే అంకె, కలిపాక ఎన్ని గంటలు చేతికి లొంగుతుందో చెప్తుంది. ఆ గంటలు 25 డిగ్రీల దగ్గర లెక్కవి. అయిదారు డిగ్రీలు తగ్గితే ఆరే సమయం దాదాపు రెట్టింపవుతుంది. జులై చలిలో 14 డిగ్రీల హ్యాంగర్‌లో వేసిన సీలెంట్ నాలుగు రెట్లు ఆలస్యంగా గట్టిపడుతుంది. వెచ్చటి గాలి గొట్టాలు పెట్టొచ్చు. అతిగా వేడి చేస్తే మాత్రం బుడగలొచ్చి పనంతా మళ్లీ మొదటికే. ఉక్కపోత దేశాల్లో ఇదే పని చేసినవాళ్లు మొదటి చలికాలంలో సరిగ్గా ఇక్కడే గడువు తప్పుతారు.

విడిభాగం దొరకనప్పుడు సర్వీసింగ్‌లో ఉన్న విమానం నుంచి పీకి ఎగిరేదానికి వేస్తారు. ఇక్కడి వాడుకలో దాన్ని రాబ్ చేయడం అంటారు. రెండు విమానాల మీద నాలుగు పనులు: రెండు చోట్ల విప్పడం, రెండు చోట్ల బిగించడం. ఒక్కో బిగింపు తర్వాత పరీక్ష, సంతకం. ముసలి వైరింగ్‌లో కనెక్టర్ విప్పిన ప్రతిసారీ పిన్ను వంగే ప్రమాదం, పెళుసెక్కిన ఇన్సులేషన్ చిట్లే ప్రమాదం అదనం. ఐదింటి దళంలో ఒకటి ఇలా హ్యాంగర్ క్వీన్ (భాగాలు పీకేయడంతో ఎగరకుండా పడి ఉండేది) అయిందంటే అయిదో వంతు బలం పోయినట్టే.

పాతదాన్ని బాగుచేసుకుని వాడదామన్న ఆలోచన కూడా ఇక్కడ చేసి చూశారు. 2004లో హెర్క్యులిస్‌ల ఆయుష్షు పొడిగింపు ఒప్పందం కెనడా సంస్థతో కుదిరింది. కొత్త వైరింగ్, కొత్త తెరల కాక్‌పిట్, బాడీ మరమ్మతు. గడువు కన్నా ఏళ్లు ఆలస్యమైంది, చివరి విమానాల పని వుడ్‌బోర్న్‌లోనే ముగించారు. ఫలితంగా విమానాలు బాగానే ఎగిరాయి గానీ అచ్చంగా ఆ అమరిక ఉన్నవి ప్రపంచంలో ఐదే అయ్యాయి. సాఫ్ట్‌వేర్‌లో చిన్న దోషం దొరికినా దిద్దించే ఖర్చంతా ఒక్కరి నెత్తినే. చిన్న దళం కొత్తవి కొనేటప్పుడు మా కోసం ఇది మార్చండి, అది చేర్చండి అని అడగకపోవడం మంచిదని నేను గట్టిగా చెప్తాను. పెద్ద దళం ఏది కొంటే అదే, అదే బ్లాకు (తయారీ విడత), అదే మాన్యువల్.

తర్వాతి రెండు కొనుగోళ్లూ ఆ దారిలోనే నడిచాయి. 2018లో నాలుగు పి-8ఏ పొసైడన్ గస్తీ విమానాలకి సుమారు 235 కోట్ల న్యూజిలాండ్ డాలర్లు, 2020లో ఐదు సి-130జె-30లకి సిమ్యులేటర్‌తో కలిపి సుమారు 152 కోట్లు ఖరారు చేశారు. ఆరు ఓరియన్‌ల స్థానంలో నాలుగే చాలన్నది జెట్ వేగం మీద వేసిన లెక్క. గస్తీ ప్రాంతానికి త్వరగా చేరుతుంది, నిజమే. రెండు చోట్ల ఒకేసారి ఉండటం మాత్రం వేగం వల్ల రాదు. పొసైడన్ అంటే బోయింగ్ 737-800 బాడీ, 737-900 రెక్కలు. సివిల్ 737 మీద చేయి తిరిగినవాళ్లకి ఇంజిన్, ల్యాండింగ్ గేర్ దగ్గర కొత్తేమీ ఉండదు. వెనక భాగంలోని సోనోబాయ్ లాంచర్లు (జలాంతర్గాముల చప్పుడు వినే తేలే పరికరాల్ని సముద్రంలోకి వదిలేవి), బాంబ్ బే మాత్రం వేరే లోకం. అరక్కోణంలో భారత నౌకాదళం నడిపే పి-8ఐని చూసినవాళ్లు ఒక తేడా పట్టేస్తారు: జలాంతర్గామి వల్ల అయస్కాంత క్షేత్రంలో వచ్చే మార్పుని పసిగట్టే మ్యాడ్ పరికరం దానికి తోకలో ఉంది, పి-8ఏకి లేదు.

విమానంతోపాటు నేల కూడా మారాలి. ఓరియన్ రెక్కల విస్తీర్ణం 30 మీటర్ల పైచిలుకు, తోక ఎత్తు 10 మీటర్లు. పొసైడన్‌ది 37.6 మీటర్లు, దాదాపు 13 మీటర్లు, గరిష్ఠ బరువు 85 టన్నుల పైన. గస్తీ విమానాలు నడిపే 5వ స్క్వాడ్రన్ ఫెనువాపై వదిలి ఒహాకియాకి మారింది, అక్కడ కొత్త హ్యాంగర్, కొత్త భవనాలు కట్టారు. మనుషులు కుటుంబాలతో సహా ఆక్లాండ్ నుంచి మనవాటు ప్రాంతానికి కదలాలి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే వలస కుటుంబాలకి ఇది చిన్న విషయం కాదు. అనుభవజ్ఞులు కొందరు ఇలాంటి మార్పుల దగ్గరే ఉద్యోగం మానేస్తారు, ఏ కొనుగోలు పత్రంలోనూ ఆ ఖర్చు కనిపించదు.

హెర్క్యులిస్ జె బయటికి పాతదానిలాగే ఉంటుంది. టి56 ఇంజిన్‌కి నాలుగు బ్లేడ్ల లోహపు ప్రొపెల్లర్ పోయి, ఏఈ2100 ఇంజిన్‌కి ఆరు బ్లేడ్ల కాంపోజిట్ ప్రొపెల్లర్ వచ్చింది. పొడుగు 4.6 మీటర్లు పెరిగి, ఆరు ప్యాలెట్ల (సరుకు పేర్చే పలకల) చోట ఎనిమిది పడతాయి. ఫ్లైట్ ఇంజినీర్, నావిగేటర్ సీట్లు లేవు. నేల మీద పనిచేసేవాళ్లకి పెద్ద మార్పు ఇదే, ఎందుకంటే పాతదాంట్లో స్నాగ్‌ని సగం విప్పి చెప్పేది ఫ్లైట్ ఇంజినీరే. మూడో ఇంజిన్ టార్క్ (తిప్పే బలం) పైకి ఎక్కేటప్పుడు ఊగింది, ఇంజిన్ నుంచి గాలి లాగే బ్లీడ్ ఆపితే సరిపోయింది అని ఆయన చెప్తే పని గంటలో తెమిలేది. ఇప్పుడు ల్యాప్‌టాప్‌లోకి దించుకున్న ఫాల్ట్ కోడే సమాచారం. కోడ్ ఫలానా బాక్సు మార్చమంటుంది, మార్చాక కూడా అదే కోడ్ వస్తే తప్పు వైరులోనో, సాఫ్ట్‌వేర్ వెర్షన్ పొసగకపోవడంలోనో ఉంటుంది. ముందు కనెక్టర్ చూసి తర్వాత బాక్సు విప్పే పాతకాపుల అలవాటు ఇక్కడా పనికొస్తుంది.

పాత కొత్త కలిసి ఉండే నెలలు అన్నిటికన్నా కష్టం. మొదటి పొసైడన్ 2022 డిసెంబర్‌లో వచ్చింది, ఓరియన్‌లు 2023 జనవరి చివర దిగిపోయాయి. నాలుగో పొసైడన్ అదే ఏడాది జులైలో గానీ చేరలేదు. హెర్క్యులిస్‌లకి మాత్రం 2024 చివరి నెలల్లో జె రకం వస్తుండగా హెచ్ రకం 2025 జనవరి దాకా నడిచింది. ఒకే సిబ్బందిలో కొందరు కోర్సుల్లో ఉంటారు, కొందరు పాతదాన్ని ఎగరేస్తూ ఉంటారు. రెండు రకాల టూల్ కిట్లు, రెండు రకాల నూనెలు, రెండు మాన్యువల్ వ్యవస్థలు. పాతదానికి ఇక ఆర్నెల్లే అని తెలిశాక దానికి విడిభాగాలు ఆర్డర్ పెట్టడానికి స్టోర్స్‌లో చేయి రాదు, ఆ ఆర్నెల్లూ అది ఎగరాల్సిందే.

కొత్తవాటి విడిభాగాలు అమెరికా ప్రభుత్వం ద్వారా వచ్చేవి ఎక్కువ. అక్కడ ప్రతి అభ్యర్థనకీ ప్రాధాన్యపు అంకె ఉంటుంది, యుద్ధంలో ఉన్న యూనిట్లు ముందు. నాలుగు విమానాల కస్టమర్ వరసలో ఎక్కడుంటాడో చెప్పక్కర్లేదు. తొలి విడత స్పేర్స్‌ని విమానం రాకముందే ఎంచుకోవాలి, ఏది పాడవుతుందో సొంత అనుభవం అప్పటికి ఉండదు. ఖరీదైన పెద్ద బాక్సుల మీద మోజుతో సీళ్లు, ప్రత్యేక బోల్టులు, గ్రౌండ్ పరికరాల కేబుళ్లు తక్కువ తెప్పిస్తే, పది డాలర్ల సీలు కోసం విమానం ఆగుతుంది.

ఈ పనుల్లోకి రావాలనుకునేవాళ్లు కాగితాలు ముందే సర్దుకోవాలి. భద్రతా తనిఖీ న్యూజిలాండ్ గూఢచారి సంస్థ ఎన్‌జడ్‌ఎస్‌ఐఎస్ చేస్తుంది, గతంలో ఎక్కడెక్కడ ఉన్నదీ తేదీలతో అడుగుతుంది. గల్ఫ్‌లో కంపెనీ క్యాంపుల్లో గడిపిన ఏళ్లకి చిరునామా రుజువు ఉండదు, సూపర్‌వైజర్ ఎక్కడున్నాడో తెలియదు. అక్కడి నుంచి కదిలే ముందే సర్వీసు లెటర్, పోలీసు క్లియరెన్స్, ఇద్దరు ముగ్గురి ఫోన్ నంబర్లు దాచుకోవాలి. అమెరికా పరికరాల దగ్గర ఐటార్, అంటే ఆ దేశపు ఆయుధ ఎగుమతి నియమాలు పౌరసత్వాన్ని బట్టి కూడా ప్రవేశం తేలుస్తాయి, కాబట్టి ఒకే హ్యాంగర్‌లో కొన్ని తలుపులు కొందరికి తెరుచుకోవు. దాన్ని అవమానంగా తీసుకోనక్కర్లేదు. హ్యాంగర్‌లో పెద్ద అధికారిని కూడా పేరుతోనే పిలుస్తారు. సార్ అనడం తగ్గించుకోవడం కన్నా, తెలియనిది తెలియదని ఆయన మొహం మీదే చెప్పడం మనవాళ్లకి కష్టం. టూల్ కనిపించకపోతే వెంటనే చెప్పాలి, విమానం ఆగుతుంది, ఎవరూ అరవరు. దాచి తర్వాత దొరికితే కథ వేరు.

ఇక మిగిలింది 2003 నుంచి నడుస్తున్న రెండు బోయింగ్ 757లు. ఆ రకం తయారీ 2004లోనే ఆగిపోయింది. 2024లో ప్రధానమంత్రి జపాన్ వెళ్తుంటే ఒకటి పోర్ట్ మోర్స్‌బీలో మొండికేసింది. అంతకుముందు 2013 అక్టోబర్‌లో అంటార్కిటికా వెళ్తున్న 757, క్రైస్ట్‌చర్చ్‌కి తిరిగి రాగల హద్దు దాటాక వాతావరణం చెడి, కనిపించీ కనిపించని మంచులో దిగాల్సి వచ్చింది. వీటి స్థానంలో రెండు ఎయిర్‌బస్ ఏ321ఎక్స్‌ఎల్‌ఆర్‌లు తీసుకుంటామని 2025 ఆగస్టులో ప్రకటించారు. ఏ320 కుటుంబం మీద సివిల్ లైసెన్సు, రేటింగ్ ఉన్నవాళ్లకి పొసైడన్ కన్నా ఇది దగ్గర దారి. ఏ321లోనే ఎల్‌ఆర్, ఎక్స్‌ఎల్‌ఆర్ అనే రెండు దూరప్రయాణ రకాల తేడాల్లో ముందుగా చదవాల్సింది వెనక బాడీలోనే కట్టిన మధ్య ఇంధన ట్యాంకు గురించి.