బండ వేషం, సైన్సు సారు కనుబొమ్మలు

మన బడి పాత విద్యార్థుల సంచిక కమిటీవాళ్లు ఫోన్ చేసి ‘ఒక పేజీ రాసియ్యి, రేపటికల్లా’ అన్నారు. ఆరో తరగతి నుంచి వరసగా రాద్దామని కూర్చుంటే సైన్సు సారు మొహం తప్ప ఇంకేమీ గుర్తుకు రావడం లేదు.

ముందు నొసలు చిట్లించేవారు. అంతవరకూ భయం లేదు. తర్వాత కళ్లు ఉరిమేవి. పెదాలు బిగుసుకుని గీతలా అయ్యాయంటే మాత్రం గోవిందా! ముందు బెంచీ ఆడపిల్లలం ఆ గీత చూసి వెనక్కి సైగ చేసేవాళ్లం. వెనక బెంచీ సెవెన్ హిల్స్ బ్యాచ్ మాకు ఎన్ని జామకాయలు బాకీ ఉందో వాళ్లే చెప్పాలి.

టెన్త్ స్పెషల్ క్లాసులు మే నెలలోనే మొదలుపెట్టారు కదా. తిరుపతి గంగజాతరలో రోజుకో వేషం కడతారు; అందులో బండ వేషం రోజు మన బొండా ఒళ్లంతా కుంకుమ పూసుకుని క్లాసు గుమ్మంలో నిలబడ్డాడు. జాతరలో వేషగాళ్ల తిట్లు ఎవరూ తప్పు పట్టరు. ఆ ధైర్యంతో సారునే అందుకున్నాడు. ఏం తిట్టాడో సంచికలో అచ్చు వెయ్యలేం. అందరం సారు పెదాలే చూస్తున్నాం. గీత పడలేదు.

‘నోరొకటే తెరిస్తే కోపం కాదురా నాయనా. కనుబొమ్మలు దగ్గరికి లాగి కిందికి దించు. పై రెప్ప ఎత్తు, కింది రెప్ప బిగించు. ముక్కుపుటాలు అదరవేం? మళ్లీ తిట్టు.’

తిట్టాడు. సారు మళ్లీ దిద్దారు. చివరికి బొండాకే నవ్వాగలేదు. సారు బోర్డు మీద మొహం బొమ్మ వేసి, కనుబొమ్మల్ని ముడివేసే కండరం పేరు ‘కొరుగేటర్’ అని రాశారు. నొసలు ముడిపడేది కోపానికే కాదనీ, ఆలోచనకు ఏదైనా అడ్డం తగిలినా ముడిపడుతుందనీ డార్విన్ 1872లోనే రాశాడని చెప్పారు. మేం ఏళ్ల తరబడి కోపమనుకున్నదాంట్లో సగం ఆలోచనేనన్నమాట!

ఇప్పుడు నాకు అన్నం పెడుతున్నది ఆ కండరమే. ఫిజియోథెరపీ చదివి చిత్తూరులో సొంత క్లినిక్ పెట్టుకున్నా. గొప్పకు చెప్పడం లేదు. సరే, కొంచెం గొప్పకే. మూతి వంకరపోయినవాళ్లు పక్షవాతమేమోనని వణుకుతూ వస్తారు. ముందు నొసలే చూస్తాను. మెదడులో దెబ్బ తగిలిన పక్షవాతమైతే మామూలుగా నొసలు రెండు పక్కలా కదులుతుంది. అలాంటివాళ్లను క్షణం ఆపకుండా పెద్దాసుపత్రికి పంపించేస్తాం. ముఖానికి వచ్చే ఏడో నరమే దెబ్బతింటే ఆ పక్క నొసలూ కదలదు. అది బెల్స్ పాల్సీ అని డాక్టరు తేల్చాక నా దగ్గర వ్యాయామాలు. ‘మీ ఆడపడుచును తలుచుకుని కోపంగా చూడండమ్మా’ అంటాను. ఒక పక్క ముడిపడుతుంది, రెండో పక్క నున్నగా ఉండిపోతుంది. చాలామందికి కొన్ని వారాల్లోనో నెలల్లోనో ఆ కదలిక తిరిగి వస్తుంది. రెండు కనుబొమ్మలూ కలిపి ఉరిమి చూసిన రోజు ఆ ఇంట్లో పండగే.

తొమ్మిదో తరగతి ఎక్స్‌కర్షన్, ఆ ఇడ్లీల గొడవ ఇంకెవరైనా రాయండి. బొండా ఇప్పుడు చందాలు ఇవ్వనివాళ్లను ఫోన్లో తిడుతున్నాడట. నాకు వీడియో కాల్ చెయ్యమనండి, కింది రెప్ప బిగిస్తున్నాడో లేదో చూస్తా.