తాపీ పని నేర్చుకోవాలంటే ముందు నాలుగున్నర అంగుళాల గోడ

కొత్తగా తాపీ పట్టినవాళ్ల చూపంతా ప్లాస్టరింగ్ మీదే ఉంటుంది. కానీ కట్టుబడి వంకరైతే ఆ వంకర కప్పడానికి ప్లాస్టరింగ్ మందం పెంచాలి. ముందు ఇటుక పేర్చడం రావాలి. ఐదడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు, నాలుగున్నర అంగుళాల మందం ఉన్న గోడకి 9×4½×3 అంగుళాల ఇటుకలు విరిగిపోయేవాటితో కలిపి 75 చాలు. మొదట్లో మట్టి మాలుతో (ఇటుకల్ని అతికించే ముద్ద) కట్టండి. పడగొట్టి, కడిగి, అవే ఇటుకలతో మళ్లీ కట్టొచ్చు.

సిమెంటు మాలుకి వచ్చాక ఈ గోడకి 1:4 (ఒక పాలు సిమెంటుకి నాలుగు పాళ్లు ఇసుక) కలపాలి. గమేళా (మాలు మోసే తట్ట) లెక్క నమ్మొద్దు, ఒకరు నింపినట్టు ఇంకొకరు నింపరు. 15×12×12 అంగుళాల చెక్కపెట్టె చేసుకుంటే దానికి 1.25 ఘనపుటడుగులు పడుతుంది, దాదాపు 50 కిలోల సిమెంటు బస్తా అంత. బస్తాకి నాలుగు పెట్టెల ఇసుక. తడి ఇసుక పొంగి ఉంటుంది కాబట్టి కాస్త ఎక్కువే పోయాలి. పొడిగా ఉండగానే రంగు ఒకేలా వచ్చేదాకా తిరగేసి, ఆ తర్వాతే నీళ్లు. గంటలో వాడేయగలిగినంతే కలపండి. బిగుసుకున్న మాలులో మళ్లీ నీళ్లు పోసి మెత్తబరచడం చాలాచోట్ల కనిపించే అలవాటే, అయినా ఆ మాలుకి బలముండదు.

ఇటుకల్ని బుడగలు ఆగేదాకా నీళ్లలో నానబెట్టి, పైతడి ఆరనిచ్చి వాడాలి. పొడి ఇటుక మాలులోని నీళ్లు తాగేస్తుంది, అతుకు గీకితే పొడిలా రాలుతుంది. నీళ్లు కారే ఇటుక మాలు మీద జారిపోతుంది.

మొదటి వరసకి ఎంత సమయం పట్టినా తొందరపడొద్దు. ముందు మాలు లేకుండా ఇటుకలు పరిచి, మధ్యలో వేలంత సందు (సుమారు 10 మిల్లీమీటర్లు) వదిలి చూడండి. చివర్లో ముక్క ఎక్కడ పడుతుందో అప్పుడే తెలుస్తుంది. మూల తిప్పాలంటే ఒకవైపు 3 అడుగులు, ఇంకోవైపు 4 కొలిచి గుర్తు పెట్టండి. ఆ రెండు గుర్తుల మధ్య 5 అడుగులు వస్తే మూల సరైనట్టు.

రెండు చివరలూ ముందు లేపి, వాటి మధ్య దారం కట్టండి. ఇటుక దారానికి తగలకూడదు, వెంట్రుకవాసి దూరం ఉండాలి. ఒక్క ఇటుక దారాన్ని నెట్టినా మిగతావి దాన్నే అనుసరించి గోడకి పొట్ట వస్తుంది. రెండో వరస సగం ఇటుకతో మొదలుపెడితే నిలువు అతుకులు ఒకదాని మీద ఒకటి పడవు. ఇటుక గుంట పైకే ఉండాలి. నిలువు సందుల్ని పూర్తిగా మాలుతో నింపండి, వర్షాకాలంలో చెమ్మ దిగేది అక్కడినుంచే.

మూడు వరసలకొకసారి గుండు (గోడ నిటారుగా ఉందో చూసే, దారానికి వేలాడే బరువు) గోడ పైనుంచి వేయండి. గుండు గోడకి ఆనీ ఆనకుండా ఉంటే సరి. ఎడంగా వేలాడితే పైభాగం మీవైపు వాలింది, గట్టిగా ఆనుకుంటే అవతలికి పోయింది. పట్టు పట్టిన ఇటుకని తట్టి సరిచేయొద్దు, అతుకు వదిలేస్తుంది. తీసి, కొత్త మాలుతో పెట్టండి. ఇంత సన్నగోడని రోజుకి మూడడుగులు దాటించొద్దు. మర్నాటి నుంచి కనీసం ఏడు రోజులు తడపాలి.

జాగ్రత్తల్లో అందరూ తేలిగ్గా తీసుకునేది సిమెంటు కాలుడు. తడి మాలులో క్షారం ఎక్కువ. మోకాళ్ల మీద కూర్చుని పనిచేస్తే అప్పటికి నొప్పి తెలియదు, సాయంత్రానికి చర్మం ఊడుతుంది. రబ్బరు గ్లౌజులు, గమ్ బూట్లు వేసుకోండి. బట్టల్లోకి మాలు ఇంకితే వెంటనే విప్పి, పారే నీళ్లతో కడగండి. ఇటుక కొట్టేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి. కంట్లో సిమెంటు పడితే 20 నిమిషాలు నీళ్లతో కడిగి, నలపకుండా ఆసుపత్రికి వెళ్లాలి. బస్తాని ఇద్దరు ఎత్తాలి.

చేయి అందని ఎత్తుకి డ్రమ్ములూ ఇటుక దొంతులూ ఎక్కొద్దు, పరంజా కట్టించుకోండి. పలక రెండు చివరలూ కట్టేసి ఉండాలి. కట్టని పలక చివర కాలేస్తే రెండో చివర లేస్తుంది. నిచ్చెన 12 అడుగుల ఎత్తుకి ఆనితే దాని మొదలు గోడకి 3 అడుగుల దూరంలో ఉండాలి. పైన మరో మూడడుగులు మిగలాలి, దిగేటప్పుడు పట్టు అదే.