సొంత లాయరే ముంచేశాడు

బ్రిటన్‌లో ఉరిశిక్ష ఎందుకు తీసేశారు అనగానే అందరూ 1950ల్లో ఉరికంబం ఎక్కిన తిమోతీ ఎవాన్స్, డెరెక్ బెంట్లీ, రూత్ ఎల్లిస్ పేర్లే ఎత్తుతారు, నాకు మాత్రం అదే రోజుల్లో అన్యాయంగా ఉరితీసిన మహమూద్ మట్టన్ కేసు తల్చుకుంటేనే ఒళ్ళు మండుతుంది.

ఇతను ఆఫ్రికాలోని బ్రిటిష్ సోమాలిలాండ్ వాడు, ఓడల్లో పనిచేసుకుంటూ వేల్స్‌లోని కార్డిఫ్ చేరాడు, అక్కడే లారా అనే తెల్లమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు, ముగ్గురు కొడుకులు. 1952 మార్చి 6 రాత్రి ఆ ఊళ్ళో లిల్లీ వోల్పర్ట్ అనే షాపు యజమానురాలిని ఎవరో గొంతు కోసి చంపి, దాదాపు 100 పౌండ్లు పట్టుకుపోయారు. పోలీసులు మట్టన్‌ని పట్టుకున్నారు. డబ్బు దొరకలేదు, రక్తం అంటిన బట్టల్లేవు, ఉన్నదల్లా సెకండ్‌హ్యాండ్ బూట్ల మీద కంటికి సరిగ్గా ఆనని రక్తపు మరకలు, ప్లస్ ముఖ్యంగా హెరాల్డ్ కవర్ అనేవాడి సాక్ష్యం. ఈ కవర్ మొదట్లో పోలీసులకి చెప్పిన పోలికలు ఇంకో సోమాలీవి, బంగారు పన్ను ఉన్నవాడివి. ఆ సంగతి డిఫెన్స్‌కి చెప్పనే లేదు!

ఇక లాయర్ గారి విషయానికొస్తే, జ్యూరీ ముందు నిలబడి తన క్లయింట్ గురించి ఈయన అన్నమాట: సగం ప్రకృతి బిడ్డ, సగం అరకొర నాగరికత అబ్బిన ఆటవికుడు అని. ఇది డిఫెన్స్ లాయర్ అన్నది అండీ, ప్రాసిక్యూషన్ కాదు. ఇంక వాళ్ళకి పనేం మిగిలింది?

సెప్టెంబర్ 3న కార్డిఫ్ జైల్లో ఉరి తీసేశారు, హత్య జరిగి ఆరు నెలలు కూడా నిండలేదు. లారాకి ఎవరూ కబురు చెయ్యలేదు, చూడ్డానికి వెళ్తే జైలు తలుపు మీద నోటీసు కనపడింది, అంతే.

ఆ సాక్షి కవర్ 1969లో సొంత కూతుర్ని రేజర్‌తో చంపబోయి దోషిగా తేలాడు. అయినా కేసు తిరగతోడటానికి 1998 దాకా పట్టింది. అప్పీల్ కోర్టు శిక్ష కొట్టేసింది, అదే ఏడాది బెంట్లీదీ కొట్టేశారు. బెంట్లీని ఉరితీసేటప్పుడు మాత్రం పార్లమెంటులో గొడవ, జైలు బయట జనం. కార్డిఫ్‌లో ఒక సోమాలీ నావికుడి కోసం అంత గోల ఎవరు చేస్తారు?

1965లో హత్యలకి ఉరి ఆపారు, 1969లో దాన్ని శాశ్వతం చేశారు. సౌత్ వేల్స్ పోలీసులు క్షమాపణ చెప్పింది 2022లో, అప్పటికి లారా పోయి పద్నాలుగేళ్ళు.