కీమోలో ఎక్కించే మందు పేరు ఎందుకు తెలుసుకోవాలి

మా పిన్నికి రొమ్ము క్యాన్సర్ చికిత్స జరిగిన నెలల్లో, శ్రీకాకుళం, విజయనగరం వైపుల నుంచి విశాఖపట్నం వచ్చి ఆసుపత్రి దగ్గర గదులు అద్దెకు తీసుకుని ఉంటున్న ఎన్నో కుటుంబాలతో మాట్లాడాను. అందరూ ‘ఎన్నో కీమో?’ అని అడిగేవారు గాని, ఏ మందు ఎక్కిస్తున్నారని అడిగినవారు అరుదు. కీమో అనే ఒక్క మాట కింద పదుల కొద్దీ మందులున్నాయి. అవి కణాన్ని దెబ్బతీసే చోటు వేరు కాబట్టి తెచ్చిపెట్టే బాధలూ వేరు.

వేగంగా విభజన చెందే కణాలను దెబ్బతీయడం వీటిలో చాలావాటికి ఉన్న సమాన లక్షణం. ఎముక మజ్జ, వెంట్రుకల కుదుళ్లు, నోటి లోపలి పొర, పేగుల పొర కూడా అలాంటి కణాలతోనే ఏర్పడినవి కనుక కౌంట్లు (రక్తకణాల సంఖ్య) పడిపోవడం, జుట్టు రాలడం, నోటిపూత, విరేచనాలు తరచుగా కనిపిస్తాయి.

కీమో మందుల చరిత్రలో, మన భీమవరంలో 1895లో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకోకుండా ఉండలేను. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్‌ను, దానిని పోలి ఉండి దాని పనిని అడ్డుకునే పదార్థాలను తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినాప్టెరిన్ వల్ల ల్యుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న పిల్లల్లో వ్యాధి తాత్కాలికంగా తగ్గిందని 1948లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ప్రకటించారు. నేటికీ వాడుతున్న మెథోట్రెక్సేట్ ఆ కోవలోదే. ఇది ఫోలిక్ యాసిడ్‌ను కణానికి పనికొచ్చే రూపంలోకి మార్చే ఎంజైమును అడ్డుకుంటుంది, దానితో కొత్త డీఎన్ఏ తయారీ ఆగిపోతుంది. అందువల్ల బలానికని సొంతంగా విటమిన్ మాత్రలు వేసుకునే ముందు వైద్యుణ్ణి అడగడం అవసరం.

పిన్నికి మొదట ఇచ్చినవి డాక్సోరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్. రెండవది డీఎన్ఏ పోగులను ఒకదానికొకటి అతికించి విభజనను ఆపుతుంది. దాని నుంచి పుట్టే ఒక పదార్థం మూత్రాశయాన్ని గాయపరచగలదు కనుక నీళ్లు బాగా తాగమంటారు. డాక్సోరుబిసిన్ ఎర్రగా ఉంటుంది, మూత్రం ఒకటి రెండు రోజులు ఎర్రబడినా అది రక్తం కాదు. అసలు గమనించవలసింది గుండెను. ఈ మందుకు జీవితకాలం మొత్తానికీ ఒక మోతాదు పరిమితి ఉంది, గుండె పనితీరు చూసే ఎకో పరీక్ష చేయించేది అందుకే.

విశాఖలో ఎన్నో ఇళ్ల ముందు పూసే బిళ్ళగన్నేరు నుంచే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ వచ్చాయి. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను చెరొకవైపుకు లాగే సన్నని నాళికలు ఏర్పడకుండా ఇవి ఆపుతాయి. నరాలకు కూడా అలాంటి నాళికలే ఆధారం కావడంతో, ముఖ్యంగా విన్‌క్రిస్టిన్ వల్ల తిమ్మిర్లు, తీవ్రమైన మలబద్ధకం వస్తాయి. ఆ మొక్క విషపూరితమైనది. దాని ఆకుల కషాయం చికిత్స కాదని ఎవరు అడిగినా గట్టిగా చెబుతాను. పాక్లిటాక్సెల్ దీనికి విరుద్ధంగా, ఏర్పడిన నాళికలను విడిపోనివ్వకుండా బిగించేస్తుంది. ఆ మందు మొదలైన తరువాత వేళ్లు తిమ్మిరెక్కి పిన్ని జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోయింది. నీరసమనుకుని ఊరుకోబోతే నేనే వైద్యునికి చెప్పించాను. అటువంటి తిమ్మిరిని బట్టి మోతాదు మార్చవలసి రావచ్చు.

ప్లాటినం మందులది మరో దారి. సిస్‌ప్లాటిన్ వాంతులతో పాటు మూత్రపిండాలకు, వినికిడికి హాని చేయగలదు. ఆక్సాలిప్లాటిన్ తీసుకున్న కొద్ది రోజుల వరకు చల్లని వస్తువు తాకినా వేళ్లు జివ్వుమంటాయి కాబట్టి, మన విశాఖ ఉక్కపోతలో కూడా ఫ్రిజ్ నీళ్లు తాగకూడదు.

చాలా మందులకు, ఎక్కించిన 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లరక్తకణాలు బాగా తగ్గుతాయి. అప్పుడు జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ చేరితే, పారాసిటమాల్ వేసుకుని తెల్లవారే దాకా చూడకుండా, అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకువెళ్లి, ఏ మందు ఏ తేదీన ఎక్కించారో అక్కడి డ్యూటీ డాక్టరుకు ముందుగా చెప్పండి.