మున్నేరు పుట్టిన చోటు నుంచి లక్నవరం దాకా

ఖమ్మంలో మున్నేటి ఒడ్డున పుట్టి పెరిగిన నాకు, ఆ ఏరు ఎక్కడ మొదలవుతుందో వెళ్ళి చూడాలన్న కోరిక నలభై ఏళ్ళు దాటేదాకా కలగలేదు. 2024 సెప్టెంబరు మొదటి రోజున మున్నేరు పొంగి మా వీధిని ముంచెత్తినప్పుడు, డాబా మీద తడుస్తూ నిలబడిన మా నాన్న "ఈ నీళ్ళన్నీ పాకాల నుంచి వచ్చినవి కావు గాని, ఏరు పుట్టింది మాత్రం అక్కడే" అన్నారు. ఇంట్లో చేరిన బురదను ఎత్తిపోసుకుని, గోడలు ఆరి, మనసు కుదుటపడేసరికి కార్తీకం వచ్చింది. డెబ్భై నాలుగేళ్ళ నాన్నను, ఏడో తరగతి చదువుతున్న మా అబ్బాయిని వెంటబెట్టుకుని మూడు రోజుల ప్రయాణానికి బయలుదేరాను. పాకాల, రామప్ప, లక్నవరం అనే మూడు చెరువుల దగ్గర తీరిగ్గా గడపడం, పడవ ఎక్కడం, పిట్టలను చూడడం, వీలైనంత నడవడం తప్ప మాకు వేరే పని లేదు.

మహబూబాబాద్, గూడూరు మీదుగా వెళ్ళే దారిలో ఊళ్ళు పలచబడుతూ టేకు, నల్లమద్ది, తునికి చెట్లు దగ్గర పడుతుంటే, పెద్ద చెరువు దగ్గరికి వస్తున్నామన్న సంగతి గాలిలోని చల్లదనం వల్లనే తెలిసింది. పాకాల చెరువు కట్ట ఎక్కి నిలబడగానే కనిపించేది ముందు నీళ్ళు కాదు, నీళ్ళను మూడు వైపులా పట్టి ఉంచిన అడవి కొండలు. సుమారు 30 చదరపు కిలోమీటర్లు పరచుకున్న ఆ నీటి అవతలి ఒడ్డు పొద్దుటి పూట పొగమంచులో కలిసిపోయి ఉంటుంది. మొదటిసారి చూసేవారు దీన్ని ప్రకృతి ఇచ్చిన సరస్సే అనుకుంటారు. మా అబ్బాయి కూడా అలాగే అనుకున్నాడు. మనం నిలబడిన ఈ మట్టి కట్ట లేకపోతే ఎదురుగా ఉన్నదంతా ఒక వాగు, దాని చుట్టూ అడవి మాత్రమేనని నాన్న చెప్పినప్పుడు వాడు కట్టను ఈ చివర నుంచి ఆ చివరకు మళ్ళీ చూశాడు.

క్రీ.శ. 1199 నుంచి 1262 వరకు ఓరుగల్లును ఏలిన కాకతీయ గణపతిదేవుని కాలంలో, ఆయన మంత్రి బయ్యన నాయకుని కొడుకు జగదాల ముమ్మడి ఈ చెరువును కట్టించాడు. ఆనాటివారు తటాకం, నిధి, అగ్రహారం, దేవాలయం, వనం, ప్రబంధం, తనయుడు అనే ఏడింటిని సప్తసంతానాలని పిలిచి, చెరువు తవ్వించడాన్ని బిడ్డను కనడంతో సమానంగా లెక్కించారు. ఆ మాటను చిన్నప్పుడు పాఠంగా చదివాను. ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత కూడా ఆ బిడ్డ నీళ్ళతో వరి పండుతున్న చోట నిలబడి తలుచుకుంటే దానికి వేరే బరువు వచ్చింది.

కట్ట మీద మేకలు కాస్తున్న ఒక పెద్దాయన నాన్న వయసువారే. ఇద్దరూ నిమిషాల్లో చుట్టాల్లా మాటల్లో పడ్డారు. తూము ఎక్కడుందో, మత్తడి ఎటు పోతుందో ఆయనే వెంట వచ్చి చూపించారు. కోస్తా వైపు అలుగు అనే దాన్ని ఇక్కడివారు మత్తడి అంటారు. నిండిన చెరువు పొర్లితే అలుగు పోసిందని కాక మత్తడి దుంకిందని అంటారు. ఆ 'దుంకడం'లో నీటి వేగం వినిపిస్తుంది. "ఇప్పుడేం చూస్తవ్ బిడ్డా, వానాకాలం మత్తడి దుంకంగ చూడాలె, గప్పుడు తెలుస్తది దీని బలం" అని ఆయన నాతో అన్నారు. ఆ మత్తడి కింద మొదలయ్యే పాకాల వాగే కిందికి పోయే కొద్దీ ఎన్నో వాగులను కలుపుకుని మున్నేరవుతుంది, ఖమ్మాన్ని ఒరుసుకుంటూ పోయి చివరకు కృష్ణలో కలుస్తుంది. మా ఇంట్లోకి వచ్చిన ఏటి మొదలు ఇంత సన్నగా, రాళ్ళ మధ్య మా అబ్బాయి ఒక్క అంగలో దాటగలిగేంత చిన్నదిగా ఉండడం చూసి నాన్న చాలాసేపు మాట్లాడలేదు.

పాకాల చుట్టూ ఉన్న అడవిని 1952లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. చెరువులో మొసళ్ళున్నాయి కాబట్టి ఎంత ఎండగా ఉన్నా నీళ్ళలోకి దిగకూడదు, రేవు లేని చోట కాళ్ళు కడుక్కోవడానికి కూడా పోకూడదు. ఈ సంగతి పిల్లలతో వచ్చేవారు ముందే గట్టిగా చెప్పి ఉంచడం మంచిది. మేము కట్ట నీడలో కూర్చుని దుర్భిణితో పిట్టలను చూస్తూ పూట గడిపాం. ఎండిన మోడు మీద రెక్కలు చాచి ఆరబెట్టుకునే నీటికాకులు, మెడ ఒక్కటే పైకి పెట్టి ఈదే పాముపక్షి, బాణంలా దూసుకుపోయే లకుముకి పిట్ట కనిపించాయి. మనుషులు దగ్గరకు వస్తే ఊరంతటికీ చాటే తీతువు పిట్టల అరుపు మాత్రం సాయంత్రం దాకా ఆగలేదు. విహారమంటే ఏదో ఒక ఆట ఆడి తీరాలని అనుకునే మా అబ్బాయి, దుర్భిణి చేతికిచ్చిన తర్వాత రెండు గంటలు కదలకుండా కూర్చోవడం నాకు ఈ యాత్రలో దొరికిన పెద్ద సంతోషం.

మర్నాడు మల్లంపల్లి, ములుగు మీదుగా పాలంపేట చేరాం. దారి పొడుగునా ఒక ఊరి చెరువు మిగులు నీరు కింది ఊరి చెరువులోకి పోయేలా ఏర్పరచిన గొలుసుకట్టు చెరువులు తగులుతూనే ఉన్నాయి. 2015లో మొదలైన తెలంగాణ ప్రభుత్వ పథకం మిషన్ కాకతీయ కింద 46 వేలకు పైగా చెరువులను బాగు చేయాలని సంకల్పించినప్పుడు, పూడిక మట్టిని రైతులు తమ పొలాలకు తోలుకున్నారు. చెరువు మట్టి కంటే మంచి ఎరువు లేదని నాన్న అంటుంటారు.

రామప్ప గుడి గురించి ఇప్పటికే చాలామంది రాశారు కనుక నేను క్లుప్తంగానే చెబుతాను. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన ఈ రుద్రేశ్వరాలయ శాసనం 1213 నాటిది. 2021లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. గొయ్యిలో ఇసుక నింపి దాని మీద కట్టే ఇసుకపెట్టె పునాది గురించి తెలుసుకోవడానికి, నీటిలో తేలేంత తేలికైన శిఖరపు ఇటుకలు, మదనికలనే నల్లరాతి స్త్రీ శిల్పాలు చూడడానికి ఒక పూట పడుతుంది. నాకు బాధ కలిగించిన విషయం మరొకటుంది. గుడి చూసినవారిలో ఎక్కువమంది, దగ్గరలోనే ఉన్న చెరువు దాకా రాకుండానే కారు తిప్పుకుని వెళ్ళిపోతున్నారు. గుడి, చెరువు, ఊరు ఒక్కటిగా ఆలోచించి కట్టిన కాలమది. గుడిని మాత్రమే చూసి వెళితే ఆ ఆలోచనలో సగమే మనకు అందుతుంది. నీరెండలో మేము పడవ ఎక్కినప్పుడు చెరువులో మా పడవ తప్ప మరొకటి లేదు. తెడ్డు ఆపితే నీటి మీద కొండల నీడలు కదలకుండా నిలిచాయి. సంప్రదాయం చెప్పినట్టు ఆ గుడి శిల్పి రామప్పే అయితే, ఆయన కూడా సాయంత్రాలు ఈ గాలికి వచ్చి కూర్చుని ఉంటాడని నాన్న అన్నారు.

మూడో మజిలీ అయిన లక్నవరం, గోవిందరావుపేట మండలంలోని అడవిలో ఉంది. మొదటి రెండింటి కంటే దీని పేరు ఎక్కువమంది విని ఉంటారు. మూడు ఇరుకు లోయలను చిన్న చిన్న కట్టలతో మూసి, మిగతా చుట్టుగోడ పనంతా కొండలకే వదిలేసిన తీరు నన్ను మిగతా అందాలన్నింటి కంటే ఎక్కువ ఆకట్టుకుంది. నీరు నిండాక లోయలోని గుట్టల కొనలు ద్వీపాలుగా మిగిలాయి. వాటిలో ఒకదానికి వేలాడే వంతెన మీదుగా నడిచి వెళ్ళాలి. నడుస్తుంటే వంతెన కాళ్ళ కింద ఊగుతుంది, కింద నీళ్ళు పచ్చగా మెరుస్తాయి. నాన్న మొదట నాలుగడుగులు వేసి ఆగిపోయారు. మనవడు వెనక్కి వచ్చి "తాతయ్యా, నా భుజం పట్టుకో, కిందికి చూడకు" అని నడిపించుకుపోయాడు.

రాత్రి అక్కడే బస చేసిన కారణంగా తెల్లవారుజామున లక్నవరాన్ని చూసే భాగ్యం కలిగింది. మంచు నీటి మీద నుంచి పాయలు పాయలుగా లేస్తుంటే ద్వీపాలు ఒకటొకటిగా బయటపడ్డాయి. జాలరి ఒకరు నీటికి చప్పుడు తెలియకుండా వల తీసుకుంటున్నారు. తొమ్మిది దాటాక బస్సులు వచ్చాయి, పడవల్లోకి స్పీకర్లు ఎక్కాయి, ఆ మోత కొండలకు తగిలి రెండింతలై తిరిగి వచ్చింది. పొద్దున కనిపించిన కొంగలు ఆ తర్వాత కనిపించలేదు. సంతోషంగా గడపడానికి వచ్చినవారిని నేను తప్పు పట్టను. కాని చెరువు దగ్గరికి వచ్చి చెరువు చప్పుడు వినకుండా వెళ్ళిపోవడం, తాగేసిన ప్లాస్టిక్ సీసాలను వంతెన మీద నుంచి వదలడం చూస్తే నిజంగా కష్టంగా ఉంటుంది. ఆ సీసాలు కొట్టుకుపోయి చేరేది తూములకే. వీలున్నవారు ఆదివారం కాకుండా మామూలు రోజున, నవంబరు ఫిబ్రవరి మధ్య, మంచినీళ్ళు స్టీలు సీసాలో తెచ్చుకుని రావాలని, ఒక్క రాత్రైనా ఉండి తెల్లవారుజామును చూడాలని నా మనవి.

తిరుగు దారిలో ఆయకట్టు పొలాల మధ్యకు వచ్చేసరికి వానాకాలపు పంట కోతలు జోరుగా సాగుతున్నాయి. తారు రోడ్డు మీద ఒక పక్క మొత్తం బారులుగా వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఒకామె చీర చెంగు తలకు చుట్టుకుని, పాదాలతో వడ్లను చాళ్ళు చాళ్ళుగా తిరగదోస్తూ నడుస్తోంది. కారు ఆపి, చెరువు నీళ్ళు యాసంగికి, అంటే రబీ పంటకు, అందుతాయా అని నాన్న అడిగారు. ఈసారి నిండింది కాబట్టి అందుతాయని, నారుమడికి విత్తనం కూడా తీసి పెట్టుకున్నామని ఆమె చెప్పింది. ఆ తర్వాత వడ్ల బారు అయిపోయేదాకా కారును రోడ్డు దించి మట్టి మీదుగానే, మెల్లగా నడిపాను.