ఎర్ర స్టిక్కర్ మా ఇంటి మీదే

పోలీసమ్మ మా ఊరి మ్యాపు పట్టుకుని బడికొచ్చిందట. పూర్తి పోలీసు కాదు, టోపీకి నీలం పట్టీ ఉండే పీసీఎస్‌ఓ. పిల్లలకి తలా రెండు స్టిక్కర్లిచ్చి, ఊళ్ళో హాయిగా ఉండే చోట పచ్చది, భయమేసే చోట ఎర్రది అంటించమందట. మిగతా పిల్లలు ఎర్రవి బస్ షెల్టర్ దగ్గర, లారీలు దూసుకొచ్చే మలుపులో, కుక్కలుండే ఫార్మ్ గేటు దగ్గర అంటించారు. మా అమ్మాయి మాత్రం గురి చూసి మా ఇంటి మీద అంటించింది.

ఆ మధ్యాహ్నమే ఫోన్. "కంగారేం లేదు, వీలైతే ఒకసారి రాగలరా" అని. ఈ ఇంగ్లండ్‌వాళ్ళు కంగారేం లేదన్నారంటే కంగారు పడాల్సిందేనని పన్నెండేళ్ళలో నేర్చుకున్నాను. మా ఆయన డ్యూటీలో ఉన్నారు. ఒక్కదాన్నే వెళ్ళాను. సేఫ్‌గార్డింగ్, అంటే పిల్లల క్షేమం, చూసే టీచరు టీ ఇచ్చింది. టీ దాకా వచ్చిందంటే వ్యవహారం పెద్దదే అనుకున్నాను. ఇంట్లో అంతా బాగానే ఉందా అని మెత్తగా అడిగింది. పాపం, ఆవిడ పని ఆవిడ చేసింది. నా పక్కనే కాళ్ళూపుతూ కూచున్న పదేళ్ళ పిల్ల చెప్పిన సమాధానం ఇది: "భయమేసే చోటు అన్నారు కదా. మా అమ్మకి అక్కడే భయమేస్తుంది. రోజూ."

టీచరు నవ్వాపుకుంది. నేను ఆపుకోవడానికి నా దగ్గర నవ్వేం లేదు.

పిల్ల అబద్ధమాడలేదు. రాత్రి పదింటికి ముందు తలుపు, వెనక తలుపు, గ్యారేజి తలుపు, అనుమానంతో మళ్ళీ ముందు తలుపు. అది అయ్యాక మంచమెక్కి ఫోన్‌లో పోలీస్ డాట్ యూకే తెరుస్తాను. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఏ నెల ఏ వీధిలో ఏ నేరం నమోదైందో మ్యాపు మీద చుక్కలుగా చూపిస్తుంది, 2011 నుంచీ ఉంది. కొందరు పడుకునే ముందు హనుమాన్ చాలీసా చదువుకుంటారు. నేను చుక్కలు లెక్కపెట్టుకుంటాను, అవీ నెలా రెండు నెలల నాటి చద్ది చుక్కలు.

మాది లింకన్‌షైర్‌లో, క్యాబేజీ చేల మధ్య, ఆరువందల గడప కూడా కాదు, ఆరువందల మంది ఉండే ఊరు. చాలా నెలలు చుక్కే ఉండదు. ఆ నెలల్లో నాకు నిద్ర పట్టాలి కదా, పట్టదు. ఇంకా ఎక్కించలేదేమో అనిపిస్తుంది.

ఒక నెల చర్చి వెనక సందులో చుక్క పడింది. నొక్కితే 'హింస, లైంగిక నేరాలు' అని వచ్చింది. గుండె జారిపోయింది. ఆ సందులోనే మా అమ్మాయి ప్రాణస్నేహితురాలి ఇల్లు. ఆ శనివారమే స్లీపోవర్, రాత్రికి వాళ్ళింట్లోనే పడుకోవడం. జ్వరమని అబద్ధం చెప్పి మాన్పించాను. రెండోసారి చుట్టాలన్నాను. మూడోసారి వ్రతం అన్నాను, ఏ వ్రతమో వాళ్ళు అడగరన్న ధైర్యంతో. ఆ సందు చివర ఒంటరిగా ఒక ముసలాయన ఉంటాడు. ఆయన కనిపిస్తే పిల్లని చెయ్యి పట్టుకుని రోడ్డుకి ఇటు పక్కకి లాక్కొచ్చేదాన్ని. ఆయన ప్రతిసారీ టోపీ తీసి గుడ్ మార్నింగ్ చెప్పేవాడు. అంత మర్యాదేమిటా అని ఇంకాస్త అనుమానపడేదాన్ని.

ఆ సైట్లో సన్నక్షరాలు చదవడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. చుక్క ఉన్న చోటు నేరం జరిగిన చోటు కాదట. బాధితుల ఇల్లు బయటపడకూడదని, ముందే ఎంచి పెట్టుకున్న బిందువుల్లో దగ్గరున్నదానికి జరిపి చూపిస్తారట. ఇళ్ళ మధ్య బిందువైతే దాని పరిధిలో కనీసం 8 చిరునామాలైనా ఉండేలా చూసుకుంటారు. పల్లెలో ఇల్లూ ఇల్లూ ఎడం కాబట్టి ఆ చుక్క ఏ మూల నుంచి నడుచుకుంటూ వచ్చి సందులో కూచుందో. పైగా 'హింస' అన్న గంపలో వెంటపడి వేధించడాలూ, ఫోన్‌లో పంపే బెదిరింపులూ కూడా పడతాయి. విడాకుల గొడవలో ఎవరో ఎవరికో పెట్టిన మెసేజి కోసం మూడు స్లీపోవర్లూ, ఒక పెద్దమనిషి మర్యాదా మంటగలిపానేమో. కాదూ, నిజంగానే ఏ ఇంట్లోనో ఎవరి మీదో చెయ్యి లేచిందేమో. అదైతే సందుల్లో దొంగల్ని వెతికే నాలాంటివాళ్ళకి ఎప్పటికీ కనపడదు.

మా ఆయన డాక్టరు కదా, నన్ను లెక్కలతో నయం చేద్దామని చూస్తారు. ఆరువందల మంది ఊళ్ళో ఒక్క దొంగతనం జరిగితే వెయ్యికి 1.67 అవుతుంది. పోయినేడు మూడు జరిగి ఈ ఏడు ఆరు జరిగితే 'నేరాలు రెట్టింపు' అని హెడ్డింగ్ పెట్టుకోవచ్చు. ఆ ఆరూ ఒక్కడే ఒక్క రాత్రిలో పగలగొట్టిన ఆరు తోట షెడ్లు కావచ్చు. ఆయన చెప్పేది నాకు అర్థమవుతుంది. అర్థమైనంత మాత్రాన తాళం రెండోసారి చూడకుండా ఉండను. ఆయన మాత్రం తక్కువా? నా పెళ్ళినాటి నగలు బియ్యం డబ్బాలో దాచిన మహానుభావుడు. మనవాళ్ళ ఇళ్ళలో బంగారం ఉంటుందని ఈ దేశపు దొంగలకి బాగా తెలుసు, దీపావళి ముందు పోలీసులే మనవాళ్ళని హెచ్చరిస్తుంటారు. డబ్బా సంగతి వాళ్ళకి తెలియదని ఈయన నమ్మకం.

మా వైపు అసలు దొంగతనాలు వేరే. ఇల్లు వెచ్చబెట్టుకునే నూనె ట్యాంకుల్లోంచి తోడేస్తారు, రైతుల క్వాడ్ బైకులు, ట్రాక్టర్ల జీపీఎస్‌లు ఎత్తుకుపోతారు, చర్చి కప్పు మీద సీసం రేకులు ఒలుచుకుపోతారు. కోతలయ్యాక బోసి చేలల్లోకి వేటకుక్కల్ని తెచ్చి కుందేళ్ళ మీదికి వదిలి పందేలు కాస్తారు. 2004 చట్టంతో నిషేధించారు, 2022లో శిక్షలు పెంచారు, అయినా వస్తారు. లింకన్‌షైర్ పోలీసులు దీనికోసం 'ఆపరేషన్ గెలీలియో' అని పెట్టి డ్రోన్లు ఎగరేస్తారు. ఇదంతా పిల్లకి గంభీరంగా చెబుతున్నాను, చూశావా ఊళ్ళో ఎంత ప్రమాదమో అన్న ధోరణిలో. అది కాసేపు ఆలోచించి, "సంక్రాంతికి తాతయ్య వాళ్ళ ఊళ్ళో కోళ్ళతో చేసేదే కదా? తాతయ్య క్రిమినలా?" అంది.

భీమవరం దగ్గర పుట్టినదాన్ని, ఏం చెప్పను? అక్కడా నిషేధమేనమ్మా అన్నాను. తాతయ్య పందెం కాయరు, ఊరికే చూడ్డానికి వెళ్తారు అన్నాను. "అయితే విట్‌నెస్" అంది.

ఆ ఊరి మాట వచ్చింది కాబట్టి ఇంకో కేసు కూడా నా మీద ఉంది. ఇక్కడ ఊరి కొట్టు మా గుమ్మానికి మూడు వందల మీటర్లు ఉండదు. పిల్లని ఒంటరిగా పంపను. పోయిన వేసవిలో అక్కడికి వెళ్ళినప్పుడు ఇదే పిల్ల వాళ్ళ బావ స్కూటీ మీద ముగ్గురిలో మూడోదిగా, హెల్మెట్ లేకుండా, రాత్రి తొమ్మిదింటికి కూల్‌డ్రింకులకి వెళ్తే అరుగు మీద కూచుని చెయ్యూపాను. 2022లో ఇండియా రోడ్ల మీద చనిపోయినవాళ్ళు 1,68,491 మంది. ఆ ఏడు బ్రిటన్‌లో 1,711. జనాభాలో తేడా తీసేసినా నా చెయ్యూపుడికి సమర్థన దొరకదు. "అక్కడ పంపావుగా" అని పిల్ల నిలదీసింది. అక్కడ అందరూ మనవాళ్ళే కదే అన్నాను. ఆ మాట నోట్లోంచి వస్తుండగానే కాలేజీ రోజుల బస్సు గుర్తొచ్చింది. రద్దీలో తగిలే చేతుల కోసం ఓణీకి ఒక పిన్నీసు ఎక్కువ పెట్టుకునేవాళ్ళం. వాళ్ళూ మనవాళ్ళే. ఏ మ్యాపు మీదా ఒక్క చుక్క పడలేదు, ఇంట్లో కూడా చెప్పలేదు కాబట్టి. మా చిన్నప్పుడు మాకే భయమూ ఉండేది కాదు అని పిల్లకి ఎన్నిసార్లు చెప్పి ఉంటానో.

పక్కింటి పెద్దావిడ మా వీధి నెయిబర్‌హుడ్ వాచ్ మనిషి. ఈ దేశంలో ఆ పద్ధతి మొదలైంది కూడా ఒక పల్లెలోనే, చెషైర్‌లోని మాలింగ్టన్‌లో, 1982లో. వీధి అరుగు మీద కూచుని వచ్చేపోయేవాళ్ళ గోత్రాలు కనుక్కునే మామ్మలకి స్తంభం మీద ఒక పసుపు బోర్డు తగిలిస్తే అదే ఇది. మేం ఇండియా వెళ్తే ఆవిడే సాయంత్రం కర్టెన్లు మూసి పొద్దున తీస్తుంది, పార్శిళ్ళు దాచిపెడుతుంది. దేవత అనుకుంటాను. వినాయకచవితికి మా ఇంటికి తొమ్మిది కార్లొస్తే గేటు దగ్గర నిలబడి నంబర్లు రాసుకుంది. అప్పుడు మాత్రం ఒళ్ళు మండింది. కాపలా నాకు కావాలి, నా మీద మాత్రం వద్దు. ఆవిడకి ఈ సంగతి చెప్పే ధైర్యం లేదు. చెబితే, ఏ కారు తోటకి అడ్డంగా పెట్టారో చెబుదామని రాసుకున్నాను అంటుందేమో, అదీ నిజమే అయ్యుండొచ్చు.

2024 జూలై చివర, ఆగస్టు మొదట్లో జరిగిన సంగతి ఇక్కడున్నవాళ్ళెవరికీ వేరే చెప్పక్కర్లేదు. సౌత్‌పోర్ట్‌లో పసిపిల్లల్ని పొడిచి చంపడం, ఆ మంట పట్టుకుని వలసొచ్చినవాళ్ళ మీద కసితో ఊళ్ళమీద పడ్డ మూకలు, మన గ్రూపుల్లో గంటకో ఫార్వర్డు. నాలుగు రోజులు పిల్లని తోటలోకి కూడా పోనివ్వలేదు. మా ఊళ్ళో ఆకు కూడా కదల్లేదు. కదిలింది అక్టోబరులో, అందరూ మర్చిపోయాక. పిల్లా నేనూ పేవ్‌మెంట్ మీద నడుస్తుంటే కారు నెమ్మదించి, అద్దం దిగి, లోపల్నుంచి ఒకడు మీ దేశం పొమ్మని అరిచి పోయాడు. నేను రాసినంత మర్యాదగా కాదు.

"ఎవరమ్మా?" అంది పిల్ల.

"దారి అడిగారు" అన్నాను.

మా ఆయన 101కి, అంటే అత్యవసరం కానివాటికి ఉండే పోలీసు నంబరుకి, ఫోన్ చేద్దామన్నారు. నేనే చెయ్యనివ్వలేదు. కారు నంబరు చూడలేదు, మనిషెవరో తెలియదు, ఎందుకొచ్చిన గొడవ, ఊళ్ళో నోటబడతాం. అక్టోబరు చుక్కలు మ్యాపులోకి వచ్చినప్పుడు మా ఊరికి సున్నా. ఆ సున్నా చూసి ఎవరో ఇంకో కుటుంబం, మనవాళ్ళే కావచ్చు, ఇక్కడ ఇల్లు కొనుక్కోవచ్చని ధైర్యపడి ఉంటారు. అందులో నా చేతి పని కొంత ఉంది. ఏం జరిగినా అమ్మకి చెప్పాలి అని రోజూ పాఠం చెప్పేదాన్ని నేనే.

పిల్లల్ని ఎన్నేళ్ళకి ఒంటరిగా పంపుతారని కొత్తగా వచ్చిన అమ్మలు అడుగుతుంటారు. నాకు తెలిసింది చెబుతాను. ఇక్కడ చట్టం ఫలానా వయసని గీత గియ్యలేదు. పన్నెండు లోపు పిల్లల్ని ఇంట్లో ఎక్కువసేపు ఒంటరిగా వదలొద్దని పిల్లల రక్షణ సంస్థ ఎన్‌ఎస్‌పీసీసీ సలహా. దొంగల కంటే ముందు రోడ్డు చూడండి, పల్లెల్లో మలుపులకి పేవ్‌మెంట్ ఉండదు, అరవై మైళ్ళ వేగంతో వస్తారు. తేడాగా అనిపిస్తే ఏ కొట్లోకి పరిగెత్తాలో, ఎవరి తలుపు కొట్టాలో పిల్లలకి ముందే చెప్పండి. మా అమ్మాయికి చెబుదామని కూచుంటే, ఎవరి తలుపు అన్నదగ్గర ఆగిపోయాను. ఆ సందు చివరి ముసలాయన ఇల్లే అన్నిటికన్నా దగ్గర. ఆయన తలుపు కొట్టవచ్చా అని అదే అడిగింది. కొట్టు అన్నాను. అన్నాను గానీ.

బడిలో టీచరు ముందు మాటిచ్చాను కాబట్టి పోయిన శనివారం పంపాను. రెండు పింట్ల పాలు, ఐదు పౌండ్ల నోటు, తిన్నగా వెళ్ళి తిన్నగా రా. వీధి చివర వెనక్కి తిరిగి చూసింది, కిటికీలోంచి చెయ్యూపాను. అది మలుపు తిరగ్గానే నల్లకోటు తగిలించుకుని, తల మీదికి హుడ్ లాక్కుని, కంచె పొదల పక్కగా వంగి వెనకే నడిచాను. బస్ షెల్టర్ వెనక నిలబడ్డాను. కొట్లోంచి బయటికొచ్చేదాకా చూసి, దొడ్డిదారిన పరిగెత్తి దానికన్నా ముందు ఇల్లు చేరాను. ఏమీ ఎరగనట్టు గిన్నెలు కడుగుతూ నిలబడ్డాను.

పావుగంటలో ఊరి వాట్సాప్ గ్రూపు మోగింది. నల్లకోటు, హుడ్ వేసుకున్న మనిషి బస్ షెల్టర్ వెనక నక్కి కొట్టువైపు చూస్తున్నాడు, చిన్నపిల్ల వెళ్తుంటే వెంటబడినట్టున్నాడు, ఎవరైనా చూశారా, 101కి చేయమంటారా అని. పక్కింటి పెద్దావిడే. కోటు చూసిందా, ఇంకేమైనా కూడా చూసి భయపడిందా అని ఒక్క క్షణం అనిపించింది. వెంటనే, ఆవిడ స్థానంలో నేనుంటే 101 దాకా ఆగేదాన్నా, అత్యవసర నంబరు 999కే చేసేదాన్ని కదా అనీ అనిపించింది. ఈలోగా ముసలాయన రాశాడు, నేను ఇప్పుడే బయటికెళ్ళి చూస్తాను, పాప క్షేమమేనా కనుక్కోండి అని.

పిల్ల నా భుజం మీదుగా మొత్తం చదివింది. నావైపు చూసింది. తలుపు పక్కన తడికోటు వైపు చూసింది.

"అమ్మా, రిప్లై ఇవ్వు. తాత పాపం చలిలో బయటికెళ్తున్నాడు."

మూడుసార్లు టైపు చేసి చెరిపాను. ఆఖరికి, అది నేనే, క్షమించండి, మా అమ్మాయి మొదటిసారి ఒంటరిగా పాలకి వెళ్ళింది అని పెట్టాను. బొటనవేళ్ళు, నవ్వుముఖాలు వరసగా పడ్డాయి. పెద్దావిడ మాత్రం నవ్వలేదు. ఇంతకీ పాలు తెచ్చిందా అని అడిగింది.

బల్ల మీద చూశాను. రెండు క్రిస్ప్స్ ప్యాకెట్లు, ఒక చాక్లెట్, చిల్లర.

లేదండీ అని రాశాను.