ఇద్దరిదీ అయిన బంధం

మనకు తెలియకుండా మనసులో దాగినవాటిని మాటల ద్వారా వెలికితీసే మనోవిశ్లేషణ పద్ధతిలో చికిత్స తీసుకుంటున్న కాలంలో నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచినది, నా గతం గురించి నేను చెప్పిన మాటల కన్నా, అవి చెబుతూ నా థెరపిస్టుతో నేను ప్రవర్తించిన తీరే. ఆవిడ కాసేపు మౌనంగా ఉంటే చాలు, నా మీద విసుగు పుట్టిందని నిశ్చయించుకొని, వెంటనే ఏదో సరదా కబురు చెప్పి మెప్పించాలని చూసేదాన్ని. చిన్నతనంలో పెద్దల ముఖం చూసి మసలుకున్న అలవాటే అక్కడికీ నాతో వచ్చింది. పాత బంధాల్లోని భావాలు ఇలా చికిత్సకుల మీదికి మళ్లడాన్నే మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ ట్రాన్స్‌ఫరెన్స్ అన్నారు.

అయితే ఆ కదలిక ఒకవైపే ఉండదు. రోగి వల్ల చికిత్సకుడిలో కలిగే భావాలను 1910లో ఫ్రాయిడ్ అధిగమించవలసిన అడ్డంకిగా చూడగా, రోగి మనసును తెలుసుకోవడానికి అవే సాధనమని 1950లో మనోవిశ్లేషకురాలు పౌలా హైమన్ వాదించారు. 1994లో మనోవిశ్లేషకుడు థామస్ ఆగ్డెన్ మరో అడుగు వేసి, ఎవరి అనుభవం వారికి ఉండగా, ఇద్దరి మధ్య ఇద్దరూ కలిసి సృష్టించే మూడో అనుభవం ఒకటి ఉంటుందన్నారు. చదివినప్పుడు ఇది పండితుల మాటలా తోచింది (ఇప్పటికీ కొంత తోస్తుంది). కానీ ఒకసారి నా థెరపిస్టు, "మీరు నవ్విస్తున్న కొద్దీ నాకు దూరమవుతున్నట్టు అనిపిస్తోంది" అన్నప్పుడు, నేను దాచుకున్న ఒంటరితనం నాకంటే ముందు ఆవిడనే తాకిందని అర్థమైంది. మా ఈ బంధాన్ని స్నేహం అనలేను. ఆవిడ జీవితం గురించి నాకు దాదాపు ఏమీ తెలియదు, తెలియనవసరం లేదు కూడా. దూరమవుతున్నట్టుందన్న ఆ మాటకు నాకు కోపం వచ్చింది, ఆ కోపాన్ని ఆవిడతోనే చెప్పగలిగాను, తరువాతి చాలా సెషన్లు దాని గురించే సాగాయి.